డేరాలో ఆవకాయ వద్దు!

టెంటు వేసుకోవడానికి ఏం కావాలి? గుడ్డ, తాళ్లు, నాలుగు మేకులు, కాస్త చదునైన నేల... అంతేగా అనిపిస్తుంది. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులోని జెన్నీ లేక్ ఒడ్డున దిగితే మాత్రం వీటన్నిటికంటే ముందు చూపించేది ఇంకోటుంది. ఇనప్పెట్టె! నేలకు గట్టిగా బిగించి, మనిషి చేతికి తప్ప మరెవరికీ తెరుచుకోని గొళ్లెంతో ఉంటుందది. తెచ్చుకున్న తిండంతా అందులోకి వెళ్లాలి. మనుషులు పడుకునేది గుడ్డ గుడారంలో... అన్నం డబ్బా పడుకునేది ఇనప్పెట్టెలో! మొదటిసారి వెళ్లినవాళ్లకు ఇదంతా తలకిందుల వ్యవహారంలా తోస్తుంది. దాని వెనకున్న కథ తెలిస్తే ఆ పెట్టె మూత వేసేటప్పుడు చెయ్యి కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ ప్రాంతం కొత్తేం కాదు. వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు ఎల్లోస్టోన్ చూపించడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఎల్లోస్టోన్‌కు దక్షిణంగా, దాన్ని ఆనుకున్నట్టే ఉంటుంది గ్రాండ్ టీటన్. హోటల్ గదుల అద్దె చూసి కొందరు, పిల్లలకు అడవి అంటే ఏంటో తెలియాలని కొందరు టెంటు వైపు మొగ్గుతారు. అమ్మ వచ్చిందంటే సామానుతో పాటు పులిహోర, కారప్పూస, నేతి అరిసెలు, ఆవకాయ కూడా వస్తాయి. అసలు జాగ్రత్త మొదలయ్యేది ఆ సంచీ దగ్గరే.

మంచు కట్టిన చెరువు

ఎక్కడైనా పెద్ద పర్వతం దగ్గరికి వెళ్తుంటే ముందు గుట్టలు, తర్వాత కొండలు, ఆ తర్వాత శిఖరాలు కనిపిస్తాయి. టీటన్ పర్వతాల తూర్పు వైపు ఆ వరసే లేదు. చదునైన మైదానం, దాని అంచున చెరువు, చెరువు వెనక ఒక్కసారిగా ఆకాశంలోకి లేచిన రాతి గోడ. పర్వతాల పాదం దగ్గర గొళ్లెంలా అడ్డొచ్చే చిన్న కొండ ఒక్కటి కూడా ఉండదు. చెరువు ఉన్నది సముద్రమట్టానికి 6,783 అడుగుల ఎత్తున. గ్రాండ్ టీటన్ శిఖరం ఎత్తు 13,775 అడుగులు. అంటే ఏడువేల అడుగుల ఎత్తు అంతా కళ్ల ముందే!

దీనికి కారణం నేల కింద ఉన్న పగులు. భూకంపం వచ్చినప్పుడల్లా ఆ పగులుకు ఒక పక్కన పర్వతం పైకి లేస్తూ, రెండో పక్కన లోయ కిందికి దిగుతూ వచ్చాయి. కోటి ఏళ్లలోపే ఇదంతా జరిగింది. పర్వతాల వయసులో అది పసితనమే. అరిగి గుండ్రబడే వ్యవధి లేదు కాబట్టే శిఖరాలు ఇంకా కత్తుల్లా ఉన్నాయి.

చెరువుదీ మంచి కథే. మనూళ్లలో చెరువుకు కట్ట పోసింది రాజులో, రైతులో అయి ఉంటారు. జెన్నీ లేక్‌కు కట్ట పోసింది మంచు. సుమారు 12 వేల ఏళ్ల క్రితం పర్వతాల మధ్య నుంచి జారివచ్చిన హిమానీనదం రాళ్లనూ మట్టినీ తోసుకొచ్చి, కరిగిపోతూ వాటిని అర్ధచంద్రాకారంలో ఇక్కడ వదిలేసింది. లోపల నీళ్లు నిలిచాయి. బయటి మైదానంలో ఎక్కువగా గడ్డీ పొదలూ కనిపిస్తే, ఈ కట్ట మీద పైన్ చెట్లు గుబురుగా పెరిగాయి. కట్ట మట్టి తేమను పట్టి ఉంచుతుంది మరి!

ఈ చెరువుకు ఒక షోషోనీ తెగ స్త్రీ పేరు పెట్టారు. 1872లో ఈ ప్రాంతాన్ని సర్వే చేయడానికి వచ్చిన హేడెన్ బృందానికి దారి చూపినవాడు రిచర్డ్ లీ. అతని భార్య జెన్నీ. ఆ బృందం ఒక చెరువుకు అతని పేరు, పక్కనున్న చెరువుకు ఆమె పేరు పెట్టింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1876 చివర్లో మశూచి సోకి జెన్నీ, పిల్లలు అందరూ చనిపోయారు. లీ ఒక్కడే మిగిలాడు. పటంలో మాత్రం ఆ రెండు చెరువులూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.

ఊటీ అనుకుని వెళ్తే...

ఎత్తులో ఈ చోటు ఊటీ కంటే కాస్త తక్కువే. కానీ చలిలో పోలికే లేదు. జులైలో పగలు 26, 27 డిగ్రీల ఎండ కాస్తుంది. రాత్రయ్యేసరికి 5 డిగ్రీల దాకా పడిపోతుంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఉరుములు మెరుపులతో వాన కురవడమూ మామూలే. ‘వేసవే కదా’ అని పలచటి దుప్పటితో వెళ్లినవాళ్లకు తెల్లవార్లూ జాగరణే. చలికి తగ్గ స్లీపింగ్ బ్యాగు, అంతకంటే ముఖ్యంగా దాని కింద పరిచే మందపాటి పరుపు ఉండాలి. ఒంట్లో వేడిని ఎక్కువగా లాగేసేది గాలి కాదు, నేల. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేల మీద నుంచి లేవడం కష్టం. మడత మంచం ఒకటి తీసుకెళ్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. రాత్రి బాత్రూముకు చెట్ల మధ్య నుంచి నడిచి వెళ్లాలి కనుక టార్చి, ఉన్ని టోపీ తలగడ పక్కనే ఉండాలి.

జెన్నీ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్లకే చోటు. ఇళ్లలాంటి పెద్ద బళ్లకు ప్రవేశం లేదు. కరెంటు ఉండదు. స్నానాల గదులు లేవు. అవి కావాలంటే పార్కులోనే జాక్సన్ లేక్ ఒడ్డునున్న కోల్టర్ బే నయం. ఒకప్పుడు తెల్లవారకముందే వెళ్లి వరసలో నిల్చుంటే చోటు దొరికేది. 2021 నుంచి పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లన్నీ ముందస్తు బుకింగ్ పద్ధతిలోకి మారాయి. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్లో ఆరు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. అమ్మానాన్నల విమానం టిక్కెట్లతో పాటే ఇదీ చూసుకోవాలన్నమాట.

ఇంత కష్టపడి వెళ్తే దక్కేదేమిటి? పొద్దున్నే తెలుస్తుంది. చెరువు పర్వతాలకు తూర్పున ఉంది. అందుకే సూర్యుడి వెలుగు ముందు శిఖరాల కొసల మీద పడి, రాతి గోడ మీదుగా మెల్లగా కిందికి దిగుతుంది. నీళ్లు కదలకుండా ఉంటే ఆ ఎర్రటి కొసలు చెరువులోనూ కనిపిస్తాయి. రాత్రి దీపాలేవీ లేని ఆకాశంలో పాలపుంత కనిపిస్తుంటే, చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టిన తరానికి మళ్లీ ఆ రోజులు గుర్తొస్తాయి.

ఎలుగుబంట్ల విందు... మనుషుల వింత

ఇక ఇనప్పెట్టె సంగతి. ఇక్కడ రెండు రకాల ఎలుగుబంట్లున్నాయి. ఒకటి నల్ల ఎలుగు. రెండోది భుజాల మీద మూపురంతో ఉండే గ్రిజ్లీ. చలికాలమంతా గుహలో ఏమీ తినకుండా గడపాలి కనుక, మిగతా నెలల్లో వాటికి తిండి వెతుక్కోవడమే పని. శీతాకాలం దగ్గరపడే కొద్దీ ఒక్కో ఎలుగు రోజుకు 20 వేల కెలోరీల దాకా తినగలదు. పళ్లూ, గింజలూ, వేళ్లూ, పురుగులూ ఏరుకుంటూ అంత సంపాదించాలంటే పగలూ రాత్రీ తిరగాలి. అలాంటి జీవికి ఒక డబ్బా నిండా నేతి అరిసెలు దొరికితే? రోజంతా పడాల్సిన కష్టం పది నిమిషాల్లో తీరిపోతుంది. ఆ రుచినీ, దొరికిన చోటునూ అది మర్చిపోదు.

ఒకప్పుడు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. పక్కనున్న ఎల్లోస్టోన్‌లో హోటళ్ల ఎంగిలి పారబోసే చోట ఎలుగులు చేరితే, వాటిని చూడ్డానికి జనం బెంచీల మీద కూర్చునేవారు. రోడ్ల మీద కార్లు ఆపి కిటికీల్లోంచి బిస్కెట్లు అందించేవారు. ఫలితం? 1931 నుంచి 1969 దాకా ఒక్క ఎల్లోస్టోన్‌లోనే సగటున ఏటా 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు.

జనం కళ్లు తెరిపించింది మరో పార్కు. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో 1967 ఆగస్టు 13న, ఒకే రాత్రి, మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్ల రెండు గ్రిజ్లీలు ఇద్దరమ్మాయిల ప్రాణాలు తీశాయి. ఇద్దరికీ 19 ఏళ్లే. 1910లో ఆ పార్కు ఏర్పడ్డాక గ్రిజ్లీ చేతిలో మనుషులు చనిపోవడం అదే మొదలు. ఒక చోట కొండమీది బస వెనక పడేసే ఎంగిలి కోసం ఎలుగులు రోజూ వచ్చేవి. రెండో చోటు ఓ చెరువు ఒడ్డు. అక్కడి ఎలుగు కూడా అప్పటికే క్యాంపుల్లోని తిండికి, చెత్తకు అలవాటుపడింది.

ఆ తర్వాత పద్ధతి మారింది. ఎల్లోస్టోన్‌లో చెత్త దిబ్బలు మూతపడ్డాయి. తిండి పెట్టడంపై నిషేధాన్ని 1970 నుంచి గట్టిగా అమలు చేశారు. ఎలుగులు తెరవలేని చెత్తడబ్బాలు, ఇనప్పెట్టెలు వచ్చాయి. కానీ అప్పటికే ఎంగిలి మరిగిన ఎలుగులు అడవిలోకి పోలేక క్యాంపుల మీద పడ్డాయి. చాలావాటిని చంపాల్సివచ్చింది. 1975లో ఈ ప్రాంతంలో మిగిలిన గ్రిజ్లీలు 136 అని అంచనా. అదే ఏడాది వాటిని ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చారు. ఇప్పుడు వాటి సంఖ్య వెయ్యి దాకా చేరింది. ఎలుగుల వల్ల ఎల్లోస్టోన్‌లో గాయపడేవారు మాత్రం ఏటా సగటున ఒక్కరే! ఎలుగులు ఎన్నో రెట్లు పెరిగాయి, గాయాలు దాదాపు మాయమయ్యాయి. మధ్యలో మారిందల్లా మనుషుల అలవాటే.

తల్లిని క్షమించారు... బిడ్డను?

గ్రాండ్ టీటన్‌లో ప్రపంచమంతా ఎరిగిన గ్రిజ్లీ ఒకటుండేది. దాని పేరు 399. పరిశోధకులు ఇచ్చిన అంకే దాని పేరైంది. 1996లో పుట్టింది. రోడ్ల పక్కనే పిల్లల్ని పెంచేది. 2020లో, 24 ఏళ్ల వయసులో ఏకంగా నాలుగు పిల్లలతో గుహలోంచి బయటికొస్తే చూడ్డానికి జనం బారులు తీరారు.

ఈ 399 ఒకసారి మనిషి మీద పడింది. 2007లో పిల్లలతో కలిసి ఎల్క్ కళేబరాన్ని తింటుండగా, తెలియక దగ్గరికొచ్చిన ఒక వ్యక్తిని గాయపరిచింది. అధికారులు ఆలోచించారు. పిల్లల్నీ, తిండినీ కాపాడుకోవడం తల్లి ఎలుగు సహజ గుణం. అందులో దాని తప్పేమీ లేదని వదిలేశారు. గాయపడ్డ వ్యక్తి కూడా దాన్ని చంపొద్దనే కోరాడు.

2020 నాటి నలుగురు పిల్లల్లో ఒకదాని కథ వేరు. తల్లి నుంచి విడిపోయాక అది పార్కు బయట జనావాసాల వైపు వెళ్లింది. మనుషుల దగ్గర దొరికే తిండికి పదే పదే అలవాటుపడింది. భయం పోయింది. 2022 జులైలో వయోమింగ్ వన్యప్రాణి విభాగం అధికారులు దాన్ని చంపేశారు.

మనిషిని గాయపరిచిన తల్లికి బతికే అవకాశం దొరికింది. మనిషి తిండి రుచి మరిగిన బిడ్డకు దొరకలేదు. ఎందుకంటే కోపం తాత్కాలికం... రుచి శాశ్వతం. అలవాటుపడ్డ ఎలుగును ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా తిరిగొస్తుంది, లేదంటే ఇంకో ఊరి చెత్తడబ్బా వెతుక్కుంటుంది. ఈసారి ఎవరి గుడారం తలుపు తీస్తుందో తెలియదు. అందుకే అక్కడి అటవీ సిబ్బంది ఎలుగుకు తిండి పెట్టడమంటే దాని చావుకు ముహూర్తం పెట్టడమేనని చెబుతారు. 399 మాత్రం తిండి వల్ల పోలేదు. 2024 అక్టోబరు 22 రాత్రి జాక్సన్‌కు దక్షిణాన రోడ్డు మీద కారు తగిలి చనిపోయింది. అప్పటికి దానికి 28 ఏళ్లు.

పెట్టెలోకి ఏమేం వెళ్లాలి?

పులిహోర, పచ్చళ్లు, నెయ్యి, పాలపొడి సరే. వాసనున్న ప్రతిదీ ఎలుగుకు తిండే అనిపిస్తుంది. కనుక టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె సీసా, పౌడరు డబ్బా, చిన్నపిల్లల పాలసీసా కూడా పెట్టెలోకే వెళ్లాలి. ఖాళీ గిన్నెలూ, పొయ్యీ, నీళ్లు తప్ప మిగతా పానీయాల సీసాలూ అంతే. తింటున్నప్పుడు, వండుతున్నప్పుడు తప్ప అవి బయట ఉండకూడదు. పగలూ రాత్రీ ఇదే నియమం. ‘అయిదు నిమిషాలు చెరువు చూసొద్దాం’ అని బల్ల మీద చిప్స్ పొట్లం వదిలెళ్లడమూ తప్పే. రాత్రి ఆకలేస్తే తిందామని పిల్లలు స్లీపింగ్ బ్యాగులో బిస్కెట్లు దాచుకుంటారు. పడుకునే ముందు జేబులు ఒకసారి తడిమి చూడాలి.

వంట విషయంలో కాస్త పొదుపుగా ఉంటే మంచిది. చేపల వేపుడు, పోపుల ఘుమఘుమ ఇంటికెళ్లాక చూసుకోవచ్చు. ఉప్మా, అటుకులు, చపాతీలు, పెరుగన్నం లాంటివైతే వాసన తక్కువ, గిన్నెలూ తక్కువ. వంట చేసిన బట్టలతోనే పడుకోకుండా మార్చుకోవడం మేలు. పాత్రలు కడిగిన నీళ్లలోని మెతుకులు వడకట్టి చెత్తడబ్బాలో వేయాలి. నీళ్లు టెంటు పక్కన కాకుండా, అందుకు కేటాయించిన చోటే పారబోయాలి. ‘పక్షులు తింటాయిలే’ అని నాలుగు మెతుకులు విదిలించడం మన దగ్గర పుణ్యం కావచ్చు, అక్కడ నేరం.

ఎలుగులకూ, తోడేళ్లకూ కనీసం 100 గజాలు, మిగతా జంతువులకు 25 గజాల దూరంలో ఉండాలన్నది పార్కు నియమం. నడకకు వెళ్తే నలుగురూ కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లాలి. మనుషులు వస్తున్నారని తెలిస్తే చాలా ఎలుగులు వాటంతటవే తప్పుకుంటాయి. ఎదురుపడితే పరిగెత్తకూడదు. మెల్లగా వెనక్కి నడవాలి.

చివరి ఆయుధంగా అందరూ నడుముకు తగిలించుకునేది బేర్ స్ప్రే. ఇందులో ఉండేది మరేమీ కాదు, మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసినే! గుంటూరు కారం తిన్నవాళ్లకు దాని శక్తి విడమరిచి చెప్పక్కర్లేదు. మీదికి దూకే ఎలుగు 25, 30 అడుగుల దూరంలో ఉండగా దాని ముఖం మీదికి కొడితే మబ్బులా కమ్ముతుంది. డబ్బా మొత్తం ఏడెనిమిది సెకన్లలో అయిపోతుంది కాబట్టి తీసే పద్ధతి ముందే నేర్చుకోవాలి. దోమల మందులా టెంటు మీద చల్లితే పనిచేయదు. దీన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు. జాక్సన్‌లో దిగాకే కొనుక్కోవాలి.

తిరుమల దారిలోనూ...

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల చిన్నారిని చిరుత పొట్టనపెట్టుకున్నప్పుడు రాష్ట్రమంతా విలవిల్లాడింది. ఆ తర్వాత టీటీడీ తీసుకున్న నిర్ణయాల్లో భక్తులకు కర్రలివ్వడం గురించే ఎక్కువమందికి గుర్తుంది. దారిలో జంతువులకు తినుబండారాలు పెట్టొద్దనీ, అక్కడి దుకాణాలు వ్యర్థాలను ఆరుబయట పారేయొద్దనీ కూడా అప్పుడే ఆదేశించారు. కర్ర కంటే ఆ మాటే ఎక్కువ కాపాడుతుంది. అరటిపండు తొక్క కోతిని రప్పిస్తుంది. ఎంగిలి విస్తరి కుక్కనూ, అడవిపందినీ రప్పిస్తుంది. వాటిని వెతుక్కుంటూ వచ్చేది చిరుత.

అడవిలో మనం అతిథులం. అతిథికి భోజనం పెట్టడం మన సంప్రదాయం. కానీ ఇంటివాళ్లకు అతిథి భోజనం పెట్టడం ఏ సంప్రదాయంలోనూ లేదు. శేషాచలం అడవికైనా, టీటన్ పర్వతాలకైనా వర్తించే మర్యాద ఇదొక్కటే. జెన్నీ లేక్ ఒడ్డున ఆవకాయ నిక్షేపంగా తినొచ్చు. తిన్నాక మూత బిగించి, పెట్టెలో పెట్టి, గొళ్లెం పడిందో లేదో ఇంకోసారి లాగి చూస్తే చాలు. ఆ రాత్రి గుడారంలో పిల్లలూ, గుడారం బయట ఎలుగు పిల్లలూ క్షేమంగా ఉంటారు.